సామాన్ల దగ్గర ఎవరుంటారు?

పోయిన వారం పెద్దకోడల్ని వీధి గుమ్మంలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఇంకా అక్కడే నిలబడి ఉంది. ఎదురుగా అద్దాల మేస్త్రి. ఆవిడ పనిచేసే రంగుటద్దాల కొట్టుకి యజమాని, పెద్దమనిషి, ఊరికే ఎవరింటి గడపా తొక్కడు. ఇన్నాళ్లూ రాజధానిలో ఉండి నిన్ననే తిరిగొచ్చిన ఆ మనిషి, కుశలమైనా అడక్కుండా అడిగిన మొదటి మాట ఇది:

"మోకాళ్లు ఎలా ఉన్నాయమ్మా?"

మోకాళ్లకేమొచ్చింది? గుండ్రాళ్లలా ఉన్నాయి. పొద్దున్నే రెండు బిందెలతో డాబా మెట్లెక్కి దిగిన మోకాళ్లు అవి. ఆవిడ కిందికి ఒకసారి తన కాళ్ల వంక చూసుకుని, తలెత్తి ఆయన వంక చూసింది.

"నా మోకాళ్లకేం మేస్త్రిగారూ?"

ఆ ప్రశ్న వినగానే ముందుగదిలో అప్పటిదాకా సంతలా ఉన్న గోల ఆగిపోయింది. అదీ అసలు అనుమానించాల్సిన సంగతి. తప్పు చెయ్యని ఇంట్లో గోల అలా ఆగదు.

ముందుగదిలో జరుగుతున్నది రాజధాని ప్రయాణం సభ. అధ్యక్షుడు మరిది. ఇంట్లో ఆయన్ని అందరూ 'మిగులు' అని పిలుస్తారు. ఆయన ఏం చెప్పినా చివరికి అది ఎక్కడో ఒకచోట మిగలాలి. రాత్రి రైలెక్కితే నిద్ర రైల్లోనే, రూము మిగులు. స్టేషన్లోనే మొహాలు కడుక్కుంటే లాడ్జి మిగులు. తిండి ఇంటినుంచి మూట కట్టుకుపోతే హోటలు మిగులు. ఆదివారం పగలంతా ఊరు చూసి ఆ రాత్రికే వెనక్కి బండెక్కితే రెండో రోజు మొత్తం మిగులు. ఇక మిగిలింది పెట్టెలూ సంచులూ. వాటిని స్టేషన్లో సామాన్ల గదిలో పెడితే డబ్బులు తీసుకుంటారు. మనిషి ఉండగా గది దేనికి?

ఆ మనిషి ఎవరో సభలో ఎవరూ అడగలేదు. అడగాల్సిన అవసరం ఆ ఇంట్లో ఎప్పుడూ రాలేదు.

పెద్దకోడలు కాపురానికొచ్చాక ఈ కుటుంబం చూడని ఊరు లేదు. సముద్రానికి వెళ్లారు. అందరూ నీళ్లలో దిగి కేరింతలు కొడుతుంటే ఆవిడ ఒడ్డున బట్టల కుప్ప దగ్గర కూర్చుంది. కొండమీది కోటకి వెళ్లారు. అందరూ ఎక్కారు, ఆవిడ కింద మంచినీళ్ల డబ్బాల దగ్గర కూర్చుంది. జలపాతానికి వెళ్లారు, ఆ హోరు మాత్రం బాగా వినబడింది. ఎవరైనా "కోట ఎలా ఉందండీ?" అని అడిగితే "బాగుంది, గేటు దగ్గర నీడ బాగుంది" అంటుంది. నవ్వుతూనే అంటుంది. ఆ నవ్వు చూసి ఇంట్లోవాళ్లు ఆవిడకి కూర్చోవడమే ఇష్టమని తేల్చేసుకున్నారు. పైగా "నీకేం, పిల్లలా జెల్లలా, హాయిగా ఓచోట కూర్చోవచ్చు" అని తోటికోడలు అన్న మాట ఒకటి. ఆ మాట ఆవిడ మింగింది గానీ అరిగించుకోలేదు.

అయితే రాజధాని సంగతి వేరు. రాజధానిలో పెద్ద గ్రంథాలయం ఉంది. దాని నెత్తిన రంగుటద్దాల గుమ్మటం ఉంది. పాతది పగిలిపోతే కొత్తగా కట్టారు, ఆ గుమ్మటానికి అద్దాలు కోసింది మన పెద్దకోడలు. వజ్రపు మొన కలం పట్టుకుని, గీత గీసి, టక్కున విరిచి, అంచులు సాన పట్టి, ఒక్కో ముక్కనీ పసిపిల్లని అప్పగించినట్టు గడ్డి పెట్టెలో పెట్టి పంపింది. వాటిని సీసపు పట్టీల్లో బిగించి పైకెత్తేటప్పటికి మేస్త్రి అక్కడున్నాడు, ఆవిడ ఇక్కడుంది. ప్రయాణం మాట రాగానే జన్మలో మొదటిసారి నోరు తెరిచి "నేనొక్కసారి ఆ గుమ్మటం చూస్తాను" అంది. "ఆదివారం అది మూసేస్తారట వదినా, కనుక్కున్నాను" అన్నాడు మిగులు మరిది. కలుక్కుమంది. అయినా సరే, అది లేని రాజధానిలో తనకి చూడ్డానికేముంది, సామాన్ల దగ్గరే కూర్చుంటాలే అనుకుంది.

ఇదీ ఇప్పటిదాకా కథ. ఇప్పుడు మేస్త్రిని లోపలికి రానిద్దాం.

ఆయన వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. చిన్నకోడలు ఎన్నడూ లేనిది ఒక్క ఉరుకులో వంటింట్లోకి వెళ్లి టీ పెడతానంది. పెద్దకోడలు కూర్చోలేదు.

"చెప్పండి మేస్త్రిగారూ. నా మోకాళ్ల సంగతి మీకెవరు చెప్పారు?"

మేస్త్రి మిగులు మరిది వైపు చూశాడు. మిగులు మరిది గోడమీద క్యాలెండరు వైపు చూశాడు.

"మీ మరిదేనమ్మా ఫోన్ చేశాడు. మా వదినకి మోకాళ్లు పట్టేశాయి, మెట్లెక్కలేదు, ఆదివారం రాలేదు అన్నాడు. మా ఇంటావిడకి సంతలో మీ తోటికోడలు కనబడి నీకు ఎత్తుకి వెళ్తే కళ్లు తిరుగుతాయని చెప్పిందట. అటు మోకాళ్లు, ఇటు తల. మనిషికి ఒకేసారి ఇన్ని వచ్చాయా అని బెంగపడి, చూసిపోదామని వచ్చాను."

వంటింట్లో గిన్నె ఒకటి కింద పడింది.

"ఆదివారం రాలేనా? ఆదివారం గుమ్మటం మూసేస్తారు కదా?" అంది పెద్దకోడలు.

"మూసేయడమేమిటమ్మా!" మేస్త్రి నిటారుగా కూర్చున్నాడు. "ఆదివారం పొద్దున్నేగా పరదాలు తీసేది! అద్దాలు కోసినవాళ్లనీ వాళ్ల ఇంటివాళ్లనీ ముందు నిలబెట్టి, మొదటి వెలుగు వాళ్లకే చూపిస్తామన్నారు. జనానికి ఆ తర్వాతే, టికెట్టు మీద. నీ తరఫున ఆరుగురికి చోటు ఇమ్మని నేనే దెబ్బలాడి ఇప్పించాను. నువ్వు రాలేకపోయినా మీవాళ్లు వస్తామన్నారు కదా, పోనీలే, నీ కళ్లు కాకపోతే నీవాళ్ల కళ్లు అనుకున్నాను."

ఆరుగురు. అత్తగారు, భర్త, మరిది, తోటికోడలు, వాళ్ల పిల్లలిద్దరు. పెద్దకోడలికి వేళ్లు మడవాల్సిన పని లేకపోయింది.

అత్త సొమ్ము అల్లుడి దానం అని సామెత చెప్పుకుంటాం గానీ, ఈ ఇంటి తీరు దాన్ని మించింది. ఆవిడ కోసిన అద్దం, ఆవిడ పేరున వచ్చిన పిలుపు, ఆవిడ లేకుండా వీళ్ల విహారం! పోనీ ఇంట్లో వదిలేసి పోతారా అంటే అదీ కాదు. వెంట తీసుకెళ్లాలి, ఎందుకంటే సామాన్లకి కాపలా కావాలి. ఏం మనుషులండీ వీళ్లు! ఆ ఊళ్లోనే, కూతవేటు దూరంలో, స్టేషను బెంచీ మీద ఆవిడ సంచులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగా, తన చేతి పని మొదటిసారి వెలిగేది. తిరిగొచ్చి "మూసేశారు వదినా, నువ్వు అదృష్టవంతురాలివి, ఎండలో తిరగలేదు" అని కూడా చెప్పేవాళ్లు.

పెద్దకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా గొంతు పెంచలేదు. పెంచడం అలవాటు లేదు.

"అబ్బాయ్," అంది మరిదితో. "ఇటు చూడు. క్యాలెండరు ఎక్కడికీ పోదు. మూసేస్తారని ఎందుకు చెప్పావు?"

మిగులు మరిది క్యాలెండరు మీంచి చూపు తిప్పాడు. తర్వాత, అబద్ధం దొరికిపోయిన ప్రతివాడూ చేసే పనే చేశాడు. దాన్ని లెక్కగా మార్చాడు.

"వదినా, కోపం తెచ్చుకోకుండా విను. వాళ్లిచ్చింది ఆరుగురికి, మనం ఏడుగురం. ఏడో మనిషికి ఆ రోజు టికెట్టు ఎంతో తెలుసా? అందరం వెళ్తే సామాన్ల గదికి కూడా కట్టాలి. రెండు ఖర్చులు. అదే ఒకరు ఆగిపోతే రెండూ మిగులు. ఎవరాగాలి? అమ్మ ఎప్పుడూ చూడలేదు. అన్నయ్య చూడలేదు. పిల్లలు చూడలేదు. నువ్వో? ముక్క ముక్కా నీ చేతుల మీదుగా వెళ్లినదే కదా! నువ్వు చూడనిదేముంది అందులో? చూసినవాళ్లు మళ్లీ చూడటం దేనికి, ఒక చూపు మిగులు కదా అని..."

"ఒక చూపు మిగులు!" అంది పెద్దకోడలు.

మేస్త్రి తల దించుకున్నాడు. ఆయనకే సిగ్గేసింది, అన్నవాడికి వెయ్యలేదు.

"బాగుంది అబ్బాయ్. రేపట్నుంచి నేను వండి, మీకు పెట్టి, గిన్నెలు కడుక్కుని పడుకుంటాను. వండేటప్పుడు వాసన చూశాను కదా, ఒక తిండి మిగులు."

"అది వేరు వదినా..."

"ఎలా వేరు? నీకు తెలుసా, నేనేం చూశానో? కొట్లో బల్లమీద నీలపుటద్దం పెడితే నల్లగా ఉంటుంది. ఎరుపు మాడిన పాకంలా ఉంటుంది. పసుపు మురికినీళ్ల రంగు. వెనకనుంచి వెలుగు పడితేగాని అది రంగని తెలియదు. నేను కోసింది చచ్చిన అద్దాన్ని. అది బతకడం నేను ఒక్కసారి కూడా చూడలేదు, ఒక్క ముక్క కూడా! కోసేటప్పుడు వేళ్లు తెగితే గుడ్డ చుట్టుకుని మళ్లీ కోశాను, ఎందుకనుకున్నావు? కూలి కోసమే అయితే కిటికీ అద్దాలు కోసినా వస్తుంది. పైకెత్తాక ఎలా ఉంటుందో చూద్దామని. ఆ ఒక్కటీ చూద్దామని!"

ఆవిడ అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడటం ఆ ఇంటి గోడలు కూడా ఎరగవు. చిన్నకోడలు టీ గ్లాసులతో గుమ్మంలోకి వచ్చి, ముందుకు రావాలో వెనక్కి పోవాలో తేలక అక్కడే ఆగిపోయింది.

"అక్కా, నేనైతే వద్దనే అన్నాను," అంది మెల్లగా.

"కళ్లు తిరుగుతాయని సంతలో చెప్పింది ఎవరమ్మా, నీ నీడా?"

చిన్నకోడలు గ్లాసులు బల్లమీద పెట్టి కుక్కిన పేనులా ఓ మూల నిలబడింది.

అప్పుడు అత్తగారు గొంతు సవరించుకుంది. ఇన్నాళ్లూ ఈ ఇంట్లో ఎన్ని గొడవలు లేచినా ఆ గొంతు సవరింపుతోనే సద్దుమణిగాయి. దానికో పద్ధతుంది. ముందు ఒక నిట్టూర్పు, తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకోవడం, ఆ తర్వాత త్యాగం.

"ఎందుకర్రా ఈ రాద్ధాంతం?" అంది. "నేనుంటానులే సామాన్ల దగ్గర. ముసలిదాన్ని, నాకేం చూపు, నాకేం సరదా. కాటికి కాళ్లు చాపుకున్నదాన్ని. మీరంతా సుఖంగా చూసి రండి. నాకింత మంచినీళ్ల చెంబు పక్కన పెట్టి పొండి, చాలు."

అందరి చూపులూ పెద్దకోడలి మీదికి తిరిగాయి. ఇప్పుడు ఆవిడ అనాల్సిన మాట అందరికీ తెలుసు. "అయ్యో, మీరెందుకత్తయ్యా, నేనుంటాను" అనాలి. సముద్రం దగ్గర అదే అంది. కోట దగ్గర అదే అంది. మిగులు మరిది అప్పుడే ఊపిరి వదిలి, టీ గ్లాసు అందుకోబోయాడు.

"సరే అత్తయ్యా. ఉండండి," అంది పెద్దకోడలు.

అత్తగారి కొంగు కంటిదాకా వెళ్లి అక్కడే ఆగిపోయింది. త్యాగం చేసినవాళ్లకి దాన్ని ఎవరో నిజంగా పుచ్చుకుంటే ఎలా ఉంటుందో ఆవిడకి ఆ వయసులో తెలిసింది.

"ఏమన్నావూ?"

"చెంబు నిండా నీళ్లు పెట్టే వెళ్తానత్తయ్యా."

ఇంతసేపూ ఆ గదిలోనే, కిటికీ పక్కన, పేపరు వెనకాల ఇంకో మనిషి ఉన్నాడు. పెద్దకొడుకు. ఆవిడ భర్త. గొడవ మొదలైనప్పుడు ఏ పేజీ తెరిచి ఉందో ఇప్పుడూ అదే. పెద్దకోడలు వెళ్లి ఆ పేపరు పై అంచు పట్టుకుని కిందికి దించింది.

"ఏవండీ. మీకూ తెలుసా?"

ఆయన చెడ్డవాడు కాడు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఆవిడ ఎప్పుడో ఓ దారి చూసుకునేది. నొప్పించడం చేతకాక, ఎవరేమన్నా తలూపే మనిషి. ఇప్పుడూ అలాగే తలూపాడు.

"తెలుసు. తమ్ముడు అడిగితే సరే అన్నాను. నువ్వయితే సర్దుకుపోతావని..."

"అవును," అంది ఆవిడ. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోలేదు. "సర్దుకుపోయేది ఒకతి ఉంటే మిగతావాళ్లంతా ఎంత హాయిగా కాళ్లు చాపుకోవచ్చో! నేను సర్దుకున్న చోటంతా మీరే కూర్చున్నారు. ఇంకెక్కడికని సర్దుకోను? గోడలోకా?"

మేస్త్రి లేచి నిలబడ్డాడు. వెళ్తాడనుకున్నారు. ఆయన వెళ్లలేదు, తలపాగా గుడ్డ తీసి చేతుల్లో నలుపుతూ నిలబడ్డాడు.

"అమ్మా, మోకాళ్లొక్కటే అడగడానికి రాలేదు నేను. ఇంకో సంగతుంది."

పెద్దకొడుకు చప్పున లేచాడు. ఆయన అంత చురుగ్గా లేవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. "మేస్త్రీ, ఆ సంగతి ఇప్పుడెందుకు? తర్వాత మాట్లాడుకుందాం."

"చెప్పండి మేస్త్రిగారూ," అంది పెద్దకోడలు.

మేస్త్రి ఆయన వైపు చూడకుండా ఆవిడతోనే చెప్పాడు. "గుమ్మటం కింద గోడలో ఓ రాయి బిగిస్తున్నారమ్మా. పనిచేసినవాళ్ల పేర్లు చెక్కి. గచ్చు పని ఫలానా, సీసం పని ఫలానా, అద్దాల కోత ఫలానా అని. నీ పేరు అడగడానికి అక్కడి ఆఫీసువాళ్లు మీ ఇంటికి ఫోన్ చేశారట. మొన్న రాత్రి బయల్దేరే ముందు రాయి చూశాను. అద్దాల కోత దగ్గర నీ పేరు లేదు. మీ ఆయన పేరుంది. ఇదేమిటని అడిగితే, ఆవిడే అలా వెయ్యమన్నదట కదా అన్నారు. నువ్వు అన్నావేమో, నాకేం తెలుసు, అడిగి పోదామని వచ్చాను."

పెద్దకోడలు భర్త మొహంలోకి చూసింది. అరవలేదు. అంతకన్నా అరిస్తేనే బాగుండేది.

"నువ్వు కొట్టుకి వెళ్లావు ఆ వేళ," అన్నాడాయన. "పేరు చెప్పండి అన్నారు. నోటికి నా పేరు వచ్చేసింది. నలుగురూ తిరిగే చోట ఆడదాని పేరు... అయినా మనిద్దరి ఇంటిపేరూ ఒకటే కదా!"

"అద్దం ఎలా పట్టుకుంటారో తెలుసా మీకు?"

ఆయన రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు.

"రాయి బిగించేశారా?" అని మేస్త్రిని అడిగింది.

"లేదమ్మా. రేపు శనివారం కదా, మధ్యాహ్నం బిగిస్తారు. బిగిస్తే మరి తియ్యరు. ఫోన్లో చెబితే వినరు, వాళ్లకి చెప్పిందే ఫోన్లో కదా. మనిషి ఎదురుగా వెళ్లి నిలబడాలి."

ఆవిడ మరిది వైపు తిరిగింది. "అబ్బాయ్, ఇవాళ రాజధానికి బండి ఎన్నింటికి?"

చుట్టూ ఇల్లు తగలబడుతున్నా సరే, రైళ్ల సంగతి అడిగితే మిగులు మరిది నోరు ఆగదు.

"ఏడున్నరకి పాసింజరు, ఎనిమిదికి ఎక్స్‌ప్రెస్ వదినా, ఇంక గంటే ఉంది. పాసింజరెక్కు, ఎక్స్‌ప్రెస్ దండగ, రెండూ తెల్లారేటప్పటికే చేరతాయి..." అని సగంలో తనేం చెబుతున్నాడో తెలిసి నాలిక కరుచుకున్నాడు.

"ఎక్స్‌ప్రెస్సే ఎక్కుతాను," అంది పెద్దకోడలు.

లోపలికి వెళ్లి, ఉన్న చీర మీదే ఓ శాలువా కప్పుకుని, తన కూలి డబ్బులు రొంటిన దోపుకుని వచ్చింది. భర్త గుమ్మానికి అడ్డంగా నిలబడబోయాడు గానీ, ఆవిడ ఆగేలా లేదని చూసి తనే పక్కకి తప్పుకున్నాడు. "ఒక్కదానివే? రాత్రిపూట? నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు.

"నా పేరు వాళ్లకి తెలిస్తే కదండీ అనుకోవడానికి," అని మెట్లు దిగింది.

వీధి మలుపు దాకా వచ్చేసరికి వెనకనుంచి చెప్పుల టపటప వినబడింది. భర్తే అనుకుని ఆగింది. తిట్టాలో, రానివ్వాలో ఇంకా తేల్చుకోలేదు. వెనక్కి తిరిగి చూస్తే భర్త కాదు.

అత్తగారు. చేతిలో సంచీ, నోట్లో ఆయాసం. కాటికి చాపుకున్నానన్న కాళ్లు ఇంత వడిగా నడుస్తాయని ఎవరికి తెలుసు?

"అత్తయ్యా? మీరెక్కడికి?"

"నువ్వెక్కడికో నేనూ అక్కడికే."

ఒక్క క్షణం పెద్దకోడలి గుండె కరిగింది. ఎంత కాదన్నా ఆడదాని కష్టం ఆడదానికి తెలుస్తుంది కదా అనుకుంది. చెయ్యి చాచి ఆ సంచీ అందుకోబోయింది.

అత్తగారు సంచీ వెనక్కి లాక్కుంది.

"నీకు తోడొస్తున్నాననుకోకు. రాజధానిలో, రాతి మీద నా కొడుకు పేరు! వాడి తాతముత్తాతలెవరికీ దక్కని భాగ్యం. అది నువ్వు చెరిపిస్తుంటే నేను చూస్తూ కూర్చుంటానా? ఆ రాయి దగ్గర నాలుగు మాటలు నువ్వు చెబితే నాలుగు మాటలు నేనూ చెబుతాను. అద్దాలు కోసింది నా కొడుకేనని ఒట్టేసి చెబుతాను. కన్నతల్లి మాట నమ్ముతారో, కోడలి మాట నమ్ముతారో చూద్దాం."

స్టేషను వైపునుంచి బండి కూత వినబడింది. అత్తగారు చీర కుచ్చిళ్లు కాస్త పైకి దోపుకుని పెద్దకోడలి కంటే ఒక అడుగు ముందుకేసింది.

"నడవ్వే, బండి తప్పిపోతుంది."